రహ్మానినోవ్ సంగీతంలో భావప్రపంచం

సెర్గీ వాసిల్యెవిచ్ రహ్మానినోవ్ (ఏప్రిల్ 1, 1873 - మార్చి 28, 1943) రష్యాకు చెందిన ప్రసిద్ధ స్వరకర్త, పియానో విద్వాంసుడు, వాద్యబృంద నిర్దేశకుడు. ఆంగ్ల ఉచ్చారణను అనుసరించి ఈయన పేరును రాక్‌మానినాఫ్ అని కూడా వ్రాస్తారు. పాశ్చాత్య సంగీతంలో 19వ శతాబ్దాన్ని ఏలిన రొమాంటిక్ ధోరణికి చివరి మహాప్రతినిధులలో ఈయన ఒకడు. వ్యక్తి హృదయంలోని అనుభూతికి, ప్రకృతికి, స్మృతికి పెద్దపీట వేసిన ధోరణి ఇది. తెలుగు సాహిత్యంలో భావకవిత్వం ఎటువంటిదో ఎరిగినవారికి దీని స్వభావం సులభంగానే బోధపడుతుంది.

రహ్మానినోవ్ సంగీతం అనగానే సాధారణంగా విషాదం గుర్తుకు వస్తుంది. ఆయన రచనలలో అధికభాగం మైనర్ శ్రుతులలో ఉండటం, మృత్యువును స్మరింపజేసే ఒక ప్రాచీన గీతం వాటిలో పదేపదే వినిపించడం ఇందుకు కారణాలు. అయితే ఆ విషాదం ఎక్కడినుండి వచ్చింది, రచనలో అది ఎట్లా నడుస్తుంది, చివరకు ఎక్కడికి చేరుతుంది అని పరిశీలిస్తే చిత్రం కొంత మారుతుంది. ఈ వ్యాసం ఆయన వాద్యబృంద రచనలను, పియానో రచనలను ఆ దృష్టితో వివరిస్తుంది.

జీవిత సంగ్రహం

రహ్మానినోవ్ రష్యాలోని నోవ్‌గొరోద్ ప్రాంతంలో ఒక భూస్వామ్య కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఆస్తిని హరింపజేయడంతో ఎస్టేట్లు ఒక్కొక్కటిగా చేజారాయి. తల్లిదండ్రులు విడిపోయారు. సోదరి సోఫియా డిఫ్తీరియాతో మరణించింది. చైకోవ్‌స్కీ సంగీతాన్ని ఆయనకు పరిచయం చేసిన అక్క యెలేనా 1885లో రక్తహీనత వ్యాధితో కన్నుమూసింది. ఆ సంవత్సరమే బాలుడైన సెర్గీ మాస్కో సంగీత కళాశాలలో చేరి, కఠిన క్రమశిక్షణకు పేరుపొందిన నికొలాయ్ జ్వేరెవ్ ఇంట ఉండి విద్య నభ్యసించాడు. 1892లో "అలేకో" అనే ఏకాంక సంగీతరూపకాన్ని వ్రాసి స్వర్ణపతకంతో పట్టభద్రుడైనాడు.

1902లో తన బంధువైన నతాలియా సాతినాను వివాహమాడాడు. వారికి ఇరీనా, తాత్యానా అని ఇద్దరు కుమార్తెలు. తంబోవ్ ప్రాంతంలోని ఇవనోవ్‌కా ఎస్టేటు ఆయనకు అత్యంత ప్రియమైన స్థలం. ముఖ్యరచనలలో అనేకం అక్కడే రూపుదిద్దుకున్నాయి. 1917 విప్లవానంతరం కుటుంబంతో రష్యాను విడిచి, 1918లో అమెరికా చేరాడు. శేషజీవితమంతా ప్రధానంగా పియానో కచేరీలతో గడచింది. 1943లో కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్‌లో క్యాన్సర్ వ్యాధితో మరణించాడు.

తెలుగు శ్రోతకు కొన్ని ప్రాథమిక విషయాలు

మన శాస్త్రీయ సంగీతంలో భావానికి ఆధారం రాగం. ఒకే స్వరధార గమకాలతో వంపులు తిరుగుతూ రసాన్ని పోషిస్తుంది. పాశ్చాత్య సంగీతంలో ఒకే క్షణంలో పలుస్వరాలు కలిసి మ్రోగుతాయి. ఈ స్వరసముదాయాన్ని కార్డు అంటారు. ఒక కార్డునుండి మరొక కార్డుకు మారేటప్పుడు కలిగే ఎదురుచూపు, ఒత్తిడి, ఊరట అనేవే అక్కడ భావాన్ని నడిపిస్తాయి. సినిమా పాటల వాద్యగోష్ఠి ద్వారా తెలుగువారి చెవులకు ఈ పద్ధతి కొంత పరిచితమే.

పాశ్చాత్యుల మేజర్ స్వరశ్రేణి స్వరస్థానాలలో మన శంకరాభరణానికి సమానం. సహజ మైనర్ శ్రేణి నఠభైరవికి, హార్మోనిక్ మైనర్ శ్రేణి కీరవాణికి సమానం. గమకాలు లేనందున వాటిని రాగాలని అనలేము కాని, వినేటప్పుడు ఈ పోలిక ఉపకరిస్తుంది. రహ్మానినోవ్ రచన పలుమార్లు కీరవాణి, నఠభైరవుల ఛాయలో మొదలై, సుదీర్ఘ ప్రయాణం తరువాత శంకరాభరణపు వెలుగులోకి వస్తుంది.

పియానోలో 88 మెట్లు ఉంటాయి. మెట్టును నొక్కినప్పుడు లోపలి చిన్న సుత్తి తీగను కొడుతుంది. ధ్వని పుట్టిన క్షణంలోనే బిగ్గరగా ఉండి, క్రమంగా క్షీణిస్తుంది. కుడిపాదం క్రింది పెడల్‌ను తొక్కితే తీగలు అణగకుండా మ్రోగుతూనే ఉంటాయి. గంట ధ్వని కూడా ఇటువంటిదే. కొట్టిన వెంటనే ఖంగుమని, తరువాత చాలాసేపు గాలిలో నిలిచిపోతుంది. రహ్మానినోవ్ పియానోను ఇంతగా ప్రేమించడంలో ఈ పోలికకు ముఖ్యస్థానం ఉంది.

భావాలకు మూలాలు

గంటలు: బాల్యంలో అమ్మమ్మ ఆయనను చర్చిలకు తీసుకొనిపోయేది. నోవ్‌గొరోద్‌లోని సెయింట్ సోఫియా దేవాలయపు గంటల నాలుగు స్వరాలు ఆయన మనసులో జీవితాంతం నిలిచిపోయాయి. 1893లో రెండు పియానోల కొరకు వ్రాసిన మొదటి సూట్‌లో "కన్నీళ్లు" అనే భాగమంతా ఆ నాలుగు స్వరాలమీదనే నడుస్తుంది. అదే రచనలోని చివరి భాగం ఈస్టర్ పండుగనాటి గంటలను వినిపిస్తుంది. రష్యన్ గ్రామంలో గంట పుట్టుకకు, పెళ్లికి, ప్రమాదానికి, చావుకు మ్రోగుతుంది. తెలంగాణ పల్లెలలో డప్పు ఇటువంటి పనే చేస్తుంది. పెళ్లికి ఒక దరువు, జాతరకు ఒక దరువు, చావుకు మరొక దరువు. దూరాననుండి వినగానే ఏ ఇంట ఏమి జరిగిందో ఊరివారికి తెలిసిపోతుంది. రహ్మానినోవ్‌కు గంట అటువంటి భాష.

స్తోత్రగానం: రష్యన్ ఆర్థడాక్స్ చర్చి గానం వాద్యాలు లేకుండా కంఠాలతోనే సాగుతుంది. స్వరాలు పెద్ద దూకుళ్లు లేక, పక్కపక్క మెట్లమీదుగా మెల్లగా కదులుతాయి. రహ్మానినోవ్ ప్రసిద్ధ రాగమాలికలలో అనేకం ఈ నడకనే అనుసరిస్తాయి. మూడవ పియానో కాన్చర్టో ప్రారంభంలోని బాణీ నాలుగైదు స్వరాల ఇరుకైన పరిధిలోనే తిరుగుతుంది. బతుకమ్మ పాట కూడా కొద్ది స్వరాలలోనే తిరుగుతూ, ఆ పునరావృత్తి వల్లనే మనసుకు పట్టుకొంటుంది. కాన్చర్టోలోని ఆ బాణీ ఒక ప్రాచీన స్తోత్రానికి దగ్గరగా ఉందని సంగీత పరిశోధకుడు జోసెఫ్ యాసెర్ అడిగినప్పుడు, తాను దేనినుండీ గ్రహించలేదని, అది తనంతట తానే వచ్చిందని రహ్మానినోవ్ బదులిచ్చాడు.

మృత్యుగీతం: "డీయెస్ ఇరే" అనేది మధ్యయుగాల లాటిన్ స్తోత్రం. మృతులకొరకు జరిపే ప్రార్థనలో అంతిమతీర్పు దినాన్ని వర్ణిస్తూ పాడేవారు. దీని మొదటి నాలుగు స్వరాలను మన పద్ధతిలో చెప్పాలంటే సాధారణ గాంధారంతో "గ రి గ స" అనవచ్చు. ఈ చిన్న పలుకు రహ్మానినోవ్ రచనలలో తొలి సింఫనీనుండి చివరి రచనదాకా నీడవలె వెంటవస్తుంది.

ఓటమి, మౌనం, పునరుజ్జీవనం

1895లో వ్రాసిన మొదటి సింఫనీ 1897 మార్చిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అలెగ్జాండర్ గ్లాజునోవ్ నిర్దేశకత్వంలో ప్రదర్శితమైంది. అభ్యాసం చాలక ప్రదర్శన ఘోరంగా విఫలమైంది. రహ్మానినోవ్ సభలో కూర్చొని వినలేక మెట్లవద్ద దాగి ఉన్నాడు. స్వరకర్త, విమర్శకుడు అయిన సీజర్ కూయీ పత్రికలో దీనిని ఈజిప్టును పీడించిన అరిష్టాలతో పోల్చి నిర్దాక్షిణ్యంగా హేళన చేశాడు. అప్పటికి స్వరకర్త వయస్సు 24 సంవత్సరాలు నిండలేదు.

దాని తరువాత సుమారు మూడేళ్లు ఆయన చెప్పుకోదగిన రచన చేయలేకపోయాడు. ఓదార్పు లభిస్తుందని 1900 ప్రారంభంలో టాల్‌స్టాయ్ వద్దకు వెళ్లగా, ఇటువంటి సంగీతం ఎవరికైనా అవసరమా అని ఆ మహారచయిత ప్రశ్నించడంతో మనసు మరింత క్రుంగింది. బంధువుల ప్రోద్బలంతో ఆ సంవత్సరం జనవరినుండి ఏప్రిల్ వరకు నికొలాయ్ దాల్ అనే వైద్యుని వద్దకు ప్రతిదినం వెళ్లాడు. దాల్ వశీకరణ చికిత్సలో నిపుణుడు, స్వయంగా సంగీతాభిమాని. మేలు చేసింది వశీకరణమా, ఒక సంస్కారవంతుడైన వినేవాడు దొరకడమా అన్నది నేటికీ చర్చనీయాంశమే.

ఫలితం రెండవ పియానో కాన్చర్టో (సి మైనర్). పియానో ఒంటరిగా ఎనిమిది బరువైన కార్డులతో ప్రారంభిస్తుంది. మొదటిది దాదాపు వినపడనంత మెల్లగా, చివరిది గట్టిగా. దూరాననుండి ఒక గంట సమీపిస్తున్నట్లు ఉంటుంది. వెంటనే వాద్యబృందం ప్రధాన బాణీని అందుకొంటుంది. పియానో దానికి అలలవంటి తోడు మాత్రమే ఇస్తుంది. ఏకవాద్యకారుని ప్రతిభను చాటవలసిన రచనలో, ఆయన తన వాద్యాన్ని ఆరంభంలోనే ఇతరులకు తోడుగా నిలిపాడు. రెండవ భాగం ప్రశాంతమైన ఈ మేజర్‌లో ఉంటుంది. మూడవ భాగం సి మేజర్‌లో ఉత్సాహంగా ముగుస్తుంది. 1901 చివరలో మాస్కోలో రహ్మానినోవ్ స్వయంగా పియానో వాయించగా మొత్తం రచన తొలిసారి వినిపించింది. దీనిని ఆయన డాక్టర్ దాల్‌కు అంకితమిచ్చాడు.

ఈ కథను బట్టి ఆయన సంగీతమంతా దినచర్య పుస్తకమని భావించరాదు. "మృతుల ద్వీపం" వంటి చీకటి రచన, ఆయన భార్యాబిడ్డలతో డ్రెస్డెన్‌లో నిశ్చింతగా గడిపిన 1909లో వెలువడింది. మొదటి సింఫనీలోని ఉగ్రత ఓటమికి ముందటిదే. స్వంత దుఃఖం ఆయనకు ముడిసరుకు మాత్రమే. దానిని రూపంలో పెట్టడం వేరొక విద్య.

వాద్యబృంద రచనలు

రెండవ సింఫనీ (ఈ మైనర్, 1906-07) సుమారు గంటసేపు సాగే రచన. దీని మూడవ భాగంలో క్లారినెట్ వాద్యం ఒంటరిగా ఆలపించే సుదీర్ఘమైన బాణీ ప్రసిద్ధమైనది. వాక్యం ముగిసిందనుకొన్న ప్రతిచోట మరొక మలుపు తిరిగి కొనసాగుతుంది. పూర్వం నిర్దేశకులు ఈ సింఫనీని చాలా కత్తిరించి వాయించేవారు. ఇప్పుడు సాధారణంగా పూర్తిగా వాయిస్తారు. కత్తిరింపు లేకుండా విన్నప్పుడే ఆ ఓర్పులోని అందం తెలుస్తుంది.

"మృతుల ద్వీపం" స్విస్ చిత్రకారుడు ఆర్నాల్డ్ బ్యోక్లిన్ చిత్రం ఆధారంగా రచితమైనది. శవపేటికతో ఒక పడవ నల్లని చెట్లున్న దీవిని సమీపించే దృశ్యం అది. రహ్మానినోవ్ మొదట చూసినది నలుపు తెలుపు ప్రతిని మాత్రమే. రంగులలో చూసినప్పుడు తనకు అంతగా నచ్చలేదని తరువాత చెప్పాడు. తెడ్ల కదలికను సూచించడానికి ఐదు మాత్రల తాళాన్ని ఎన్నుకొన్నాడు. పాశ్చాత్య శ్రోతకు ఇది కుంటినడకవలె తోచి కలవరపెడుతుంది. ఖండగతి ఎరిగిన మనవారికి ఆ లెక్క అందుతుంది కాని, ఆ కలవరం మాత్రం తప్పదు.

"గంటలు" (1913) ఎడ్గార్ ఎలన్ పో కవితకు బాల్మోంట్ చేసిన రష్యన్ అనువాదం ఆధారంగా గాయకబృందం, వాద్యబృందం కొరకు వ్రాసినది. వెండి గంటలు యౌవనానికి, బంగారు గంటలు వివాహానికి, ఇత్తడి గంటలు అగ్నిప్రమాదపు భయానికి, ఇనుప గంటలు మరణానికి సంకేతాలు. కవిత చీకటిలో ముగుస్తుంది. రహ్మానినోవ్ మాత్రం గానం ఆగిన పిదప వాద్యాలతో కొన్ని క్షణాలు ప్రశాంతమైన మేజర్ స్వరాలను పలికించి ముగించాడు. కవి చెప్పని ఓదార్పును స్వరకర్త జోడించాడు.

పియానో రచనలు

సి షార్ప్ మైనర్ ప్రెల్యూడ్‌ను 1892లో, తన 19వ యేట వ్రాశాడు. మూడు బరువైన స్వరాలతో మొదలయ్యే ఈ చిన్న రచన ప్రపంచమంతా వ్యాపించింది. అంతర్జాతీయ ప్రచురణ హక్కులు లేకపోవడంతో ఆయనకు దక్కింది స్వల్పమే. ప్రతి కచేరీలోను శ్రోతలు దీనినే కోరడంతో ఆయన విసిగిపోయాడు. 1910 నాటికి అన్ని శ్రుతులలోను కలిపి 24 ప్రెల్యూడ్‌లు పూర్తిచేశాడు. వీటిలో బి మైనర్ ప్రెల్యూడ్‌కు బ్యోక్లిన్ గీసిన గృహాగమన చిత్రం ప్రేరణ అని తోటి పియానో విద్వాంసుడు మోయిసెవిచ్‌తో చెప్పాడు. ఇల్లు కనిపించినా లోపలికి అడుగుపెట్టలేక నిలిచిన మనిషి మనస్థితి ఇందులో వినిపిస్తుంది.

"ఎత్యూద్ తబ్లో" అనే చిత్రాభ్యాసాలు రెండు సంపుటాలు. వీటి వెనుక ఏ దృశ్యం ఉన్నదో ఆయన సాధారణంగా చెప్పేవాడు కాడు. వినేవారు తమకు తోచింది ఊహించుకోవాలని ఆయన అభిప్రాయం. 1930లో ఇటలీ స్వరకర్త రెస్పీగీ ఐదింటిని వాద్యబృందానికి మార్చినప్పుడు మాత్రం కొన్ని సూచనలిచ్చాడు. ఒకటి సముద్రం, పక్షులు, ఒకటి సంత, ఒకటి ఎడతెగని సన్నని వర్షంలో సాగే శవయాత్ర, చివర చర్చి గంటలు.

"వొకలీజ్" అనే మాటలు లేని పాట ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. ఒకే అచ్చుమీద సాగే ఈ గానం మన ఆలాపనను జ్ఞప్తికి తెస్తుంది. దీనిని పియానోమీద, వాద్యబృందంతోను కూడా వినిపిస్తారు.

ప్రవాసం

1917 డిసెంబరులో కొద్దిపాటి సామానుతో రహ్మానినోవ్ కుటుంబం రష్యా సరిహద్దు దాటింది. ఇవనోవ్‌కా దోపిడీకి గురై నాశనమైంది. 44 ఏళ్ల వయస్సులో, కుటుంబ పోషణకొరకు ఆయన కచేరీ పియానిస్టుగా జీవితాన్ని కొత్తగా ప్రారంభించవలసి వచ్చింది. 1926 వరకు పెద్ద రచన ఏదీ పూర్తి కాలేదు. దేశాన్ని విడవడంతో రచించాలనే కోరికకూడా తనను విడిచిపోయిందన్న భావాన్ని ఆయన వ్యక్తపరిచాడు. రష్యాను విడిచిన పిదప గడచిన పాతికేళ్లలో ఆరు రచనలకు మాత్రమే ఆయన సంఖ్యలు వేశాడు.

ఊరు విడిచిన వేదన పాలమూరు ప్రజలకు పుస్తకాలద్వారా తెలియవలసిన విషయం కాదు. అయితే పాలమూరు వలస కూలీకి పండుగకో, వానలకో తిరిగివచ్చే దారి ఉండేది. రహ్మానినోవ్‌కు ఆ దారి మూసుకుపోయింది. స్విట్జర్లాండులో లూసర్న్ సరస్సు ఒడ్డున "సెనార్" అనే ఇల్లు కట్టుకొని, ఇవనోవ్‌కాను కొంతైనా తలపించేటట్లు చేసుకొన్నాడు. సెర్గీ, నతాలియా, రహ్మానినోవ్ అనే పేర్లలోని అక్షరాలను కలిపి ఆ ఇంటికి పేరు పెట్టాడు. 1934లో "పగనీనీ బాణీపై రాప్సడీ" అక్కడే వెలువడింది. దీని 24 మార్పులలో 18వది విశ్వవిఖ్యాతమైనది. అసలు బాణీలో స్వరం ఎక్కినచోట దించి, దిగినచోట ఎక్కించి ఆయన దీనిని సృష్టించాడు. కొంటెగా కనిపించిన బాణీ తలక్రిందులు కాగానే అనురాగగీతమైంది. ఇదే రచనలో మృత్యుగీతం కూడా ఉన్నది.

1931లో సోవియట్ ప్రభుత్వాన్ని విమర్శించే లేఖపై సంతకం చేసినందుకు అక్కడ కొంతకాలం ఆయన సంగీతాన్ని బహిష్కరించారు. అయినా 1941లో జర్మనీ దండెత్తినప్పుడు, తన కచేరీ ఆదాయాన్ని సోవియట్ సైనికుల వైద్యసహాయానికి పంపాడు.

చివరి రచన: పాత గాయానికి జవాబు

1940లో వ్రాసిన "సింఫొనిక్ డాన్సెస్" ఆయన చివరి రచన. 1941 జనవరి 3న ఫిలడెల్ఫియాలో యూజీన్ ఆర్మండీ నిర్దేశకత్వంలో తొలిసారి ప్రదర్శితమైంది. మొదటి భాగం చివర, వేగమంతా అణగిన తరువాత, తీగవాద్యాలు ఒక మృదువైన బాణీని మేజర్‌లో పలుకుతాయి. చుట్టూ పియానో, హార్ప్, చిరుగంటల మెరుపులు వినిపిస్తాయి. ఆనాటి శ్రోతలకు అది కేవలం ఒక మధురమైన ముగింపు. నిజానికి అది 1897లో విఫలమైన మొదటి సింఫనీలోని ప్రధాన స్వరవాక్యం. అప్పుడు కఠినంగా, మైనర్‌లో మ్రోగిన ఆ వాక్యం ఇప్పుడు శాంతించింది. ఆ సింఫనీ ప్రతి పోయిందనే అందరూ అనుకొన్నందున, దానిని గుర్తుపట్టగలవాడు దాదాపు ఆయన ఒక్కడే.

మూడవ భాగంలో మృత్యుగీతానికి, తన "రాత్రి జాగరణ ప్రార్థన" (1915) నుండి తెచ్చిన పునరుత్థాన స్తోత్రానికి పోటీ జరుగుతుంది. చివర స్తోత్రమే గెలుస్తుంది. అచ్చట స్వరపత్రంలో "అలిలూయా" అని ఆయన వ్రాసుకొన్నాడు.

మొదటి సింఫనీ వాద్యపత్రాలు తరువాత లెనిన్‌గ్రాద్ సంగీత కళాశాల గ్రంథాలయంలో దొరికాయి. 1945లో మాస్కోలో దానిని మళ్లీ వాయించగా మంచి ఆదరణ లభించింది. స్వరకర్త మరణించి అప్పటికి రెండేళ్లు దాటింది. ఇవనోవ్‌కాను సైతం తరువాతి కాలంలో పునర్నిర్మించి మ్యూజియంగా మార్చారు.

విమర్శ

రహ్మానినోవ్ జీవించిన కాలంలోనే స్ట్రావిన్‌స్కీ, షోన్‌బెర్గ్ వంటివారు సంగీతభాషను సమూలంగా మార్చారు. అందువలన ఆయనను కాలానికి వెనుకబడినవాడని, భావోద్రేకం మితిమీరినదని పలువురు విమర్శించారు. 1954లో వెలువడిన గ్రోవ్ సంగీత నిఘంటువు ఆయన ప్రజాదరణ నిలిచేది కాదని జోస్యం చెప్పింది. ఆ జోస్యం ఫలించలేదు. 1945 నాటి "బ్రీఫ్ ఎన్‌కౌంటర్" చలనచిత్రంలో రెండవ కాన్చర్టోను, 1996 నాటి "షైన్" చిత్రంలో మూడవ కాన్చర్టోను విని ఆయన సంగీతాన్ని ఆశ్రయించినవారు అనేకులు. ఆయన స్వయంగా వాయించిన రికార్డులు వింటే మరొక విషయం తెలుస్తుంది. ఇతరులు సాగదీసి వాయించేచోట ఆయన నిగ్రహంగా, సూటిగా ముందుకు పోతాడు. కన్నీరు పెట్టించాలనే ప్రయత్నం వాటిలో కనిపించదు.

వినదలచినవారికి సూచనలు

మొదట వొకలీజ్, తరువాత రెండవ కాన్చర్టోలోని మధ్యభాగం వినడం సులభం. పిమ్మట ఆ కాన్చర్టోను పూర్తిగా విని, ఆరంభంలోని గంటలు చివరకు ఏమైనవో గమనించవచ్చు. ఆపైన మొదటి సింఫనీ ప్రారంభాన్ని, సింఫొనిక్ డాన్సెస్ మొదటిభాగపు ముగింపును ఒకదాని వెంట మరొకటి వింటే, ఒకే స్వరవాక్యం 45 ఏళ్లలో ఎంత దూరం నడిచిందో బోధపడుతుంది.

ముఖ్య రచనలు

సి షార్ప్ మైనర్ ప్రెల్యూడ్ - 1892
మొదటి సింఫనీ - 1895
రెండవ పియానో కాన్చర్టో - 1901
రెండవ సింఫనీ - 1907
మృతుల ద్వీపం - 1909
మూడవ పియానో కాన్చర్టో - 1909
గంటలు - 1913
రాత్రి జాగరణ ప్రార్థన - 1915
నాల్గవ పియానో కాన్చర్టో - 1926
పగనీనీ బాణీపై రాప్సడీ - 1934
మూడవ సింఫనీ - 1936
సింఫొనిక్ డాన్సెస్ - 1940